బానెట్టు బరువు

ఆయన్ని అందరూ అయస్కాంతం అంటారు. ఎదురుగా ఉంటే చివర ‘గారు’ తగిలిస్తారు, అంతే తేడా. పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కార్లు అసలువో నకిలీవో తేల్చడం, అసలువైతే వెల కట్టడం ఆయన పని. జేబులో మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని బండి ఒంటిమీద అక్కడక్కడా ఆనిస్తాడు. ఇనుప రేకు ఉన్నచోట అతుక్కుంటుంది. తుప్పు తిన్న రేకుకి లప్పం మెత్తి, పైన రంగు కొట్టి దాచినచోట జారిపోతుంది. అది జారినప్పుడల్లా పక్కన నిలబడ్డ ఓనరు మొహంలోనూ రంగు జారిపోతుంది.

మొహమాటం అన్న మాట ఆయనకి తెలియదు. పెళ్ళైన కొత్తలో మామగారు ఎంతో ముచ్చటపడి కొన్న బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, “మామయ్యగారూ, ఇది రెండు బండ్లు కోసి ఒకటిగా అతికించింది” అన్నాడు. అప్పటికి ఇంకా విస్తళ్ళు కూడా వేయలేదు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో అల్లుడి మర్యాదలు అంతంతమాత్రమే. “భోజనం చేశాక చెబితే బండేమన్నా పారిపోయేదా?” అని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. ఆయన మాత్రం చూసిన వెంటనే చెప్పకపోతే అది అబద్ధంతో సమానం అంటాడు. ఇలాంటి మనిషితో కాపురం చేయడం ఎంత కష్టమో ఆవిడనే అడగాలి.

ఈసారి పిలిచింది ఒక అక్కా, ఇద్దరు తమ్ముళ్ళూ. అక్క కార్లకీ స్కూటర్లకీ సీట్లు కుడుతుంది, కాబట్టి ఆ వీధివాళ్ళకి ఆవిడ సీట్లక్క. పెద్ద తమ్ముడిది బాత్‌రూము టైల్సు అమ్మే కొట్టు. చిన్న తమ్ముడు లారీల ఆఫీసులో కూర్చుని లోడు చూసుకుంటాడు, సరదా మనిషి, ఒళ్ళు కాస్త భారీ. వాళ్ళ నాన్న పోయాక మిగిలింది ఒక చిన్న ఇల్లు, దాని పక్కన షెడ్డు, షెడ్డులో ఎర్రటి రెండు సీట్ల బండి.

ఇంటి గొడవ ఎప్పుడో తేలిపోయింది. తేలనిది ఈ బండే. ఆ కంపెనీ మామూలుగా అన్ని బండ్లకీ ఇనుప రేకే వాడేది. పందేలకి వెళ్ళే కొన్నిటికి మాత్రం బరువు తగ్గాలని బానెట్టు అల్యూమినియంతో, సుత్తితో కొట్టి, చేత్తో చేసింది. మిగతా బండంతా ఒకటే. తేడా ఆ బానెట్టులోనే ఉంది, విలువ కూడా ఆ బానెట్టులోనే ఉంది. పందెం బండి అని చెప్పి మామూలు బండిని అంటగట్టేవాళ్ళు ఎంతమంది తయారయ్యారంటే, ఇప్పుడు లోకంలో తిరుగుతున్న పందెం బండ్లు కంపెనీ చేసినవాటికంటే ఎక్కువే ఉన్నాయి. నాన్నకి కూడా ఎవడో అలాగే టోపీ పెట్టాడని తమ్ముళ్ళ నమ్మకం. నాన్న ఒప్పుకోలేదు. అక్క నోరు విప్పలేదు.

చివరికి ముగ్గురూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. బండి అసలుదైతే అమ్మేసి మూడు వాటాలు. కాకపోతే దాని కోసం కొట్టుకోవడం దండగ, అక్కే ఉంచుకోవచ్చు. ఈ సంగతి పెద్ద తమ్ముడు గేటు దగ్గరే అయస్కాంతం గారికి చెప్పేశాడు. “అందుకే సార్, మీరు ఏది చెబితే అదే. మాకు మళ్ళీ మాట్లాడేది ఏమీ లేదు” అన్నాడు. అక్క వెనకాల నిలబడి షెడ్డు తాళంచెవి చేతిలో తిప్పుతూ ఉంది.

షెడ్డు తలుపు తీయగానే ఆయనకి ముందు కనబడింది శుభ్రం. నేలమీద నూనె చుక్క లేదు. సీట్ల తోలు పాతదే, కానీ ఎక్కడా పగల్లేదు. కుట్టు విడిన చోట్ల పాత రంధ్రాల్లోంచే దారం పోనిచ్చి కుట్టారు. కొత్తగా ఒక్క రంధ్రం పొడవలేదు. స్టీరింగు చెక్క మీద ఏళ్ళ తరబడి రెండు చేతులు పట్టుకున్న చోట నునుపు తేలింది. పాత బండ్లని పాడుచేసేవాళ్ళు రెండు రకాలు. పట్టించుకోనివాళ్ళు ఒక రకం, ముస్తాబు చేసి కొత్తదాన్ని చేసేవాళ్ళు ఇంకో రకం. ఈ బండిని చూసుకున్న మనిషి ఆ రెండూ కాదు. నెత్తిన పెట్టుకుని చూసుకుంది, కానీ నెత్తికెక్కించుకోలేదు.

జేబులోంచి అయస్కాంతం తీసి తలుపుకి ఆనించాడు, అతుక్కుంది. వెనక రేకుకి ఆనించాడు, అతుక్కుంది. బానెట్టుకి ఆనించాడు. టక్కున అతుక్కుంది.

“అంతేగా!” అన్నాడు చిన్న తమ్ముడు. “నేను చెప్పలా అన్నయ్యా? ఇనుమే. నాన్నకి చెవిలో పువ్వు పెట్టారు.”

పెద్ద తమ్ముడి మొహం వాడిపోయింది. అక్క ఊపిరి వదిలిన చప్పుడు అయస్కాంతం గారికి వినబడింది.

ఆయన మాత్రం అప్పుడే ఏమీ తేల్చలేదు. బానెట్టు పైకెత్తాడు. దాన్ని ఎత్తితే దానంతటది నిలబడేట్టు మూలల్లో రెండు స్ప్రింగులు ఉంటాయి. ఎత్తి చేయి వదిలాడు. అది ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, మెల్లగా దిగుతూ వచ్చి ఆయన నెత్తిన కూర్చుంది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దిగింది. స్ప్రింగులు వేలితో నొక్కి చూశాడు. దిట్టంగా ఉన్నాయి. తర్వాత బానెట్టు మూసి సందులు చూశాడు. ఎడమవైపు వేలు దూరేంత ఉంది, కుడివైపు గోరు కూడా దూరదు. అంచుని ఆకురాయితో రుద్దిన గుర్తులు ఎర్ర రంగు కింద లీలగా తెలుస్తున్నాయి. ఆ రంగుకి ఇంకా వాసన పోలేదు.

రేకులన్నీ చేత్తో సరిచేసి బిగించిన పాత బండ్లతో వచ్చే చిక్కు ఇదే. ఒకదాని మూత ఇంకోదానికి పట్టదు.

పాతికేళ్ళుగా ఆయన చూసిన మోసాలన్నీ ఒకే దారిలో నడిచాయి, నకిలీని అసలుగా చూపించడం. అసలుని నకిలీగా చూపించాలని చెమటోడ్చిన మనిషిని చూడటం ఇదే మొదలు. ఆయనకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు.

“టీ తాగుదురుగాని రండి” అంది అక్క, గొంతు మామూలుగా పెట్టుకుని.

ముందుగదిలో రెండు కుర్చీలు, ఒక కుట్టుమిషను, గోడవారగా దివాను ఉన్నాయి. దివాను పైన గోడకి నాన్న ఫొటో తగిలించి ఉంది, అదే ఎర్ర బండికి ఆనుకుని నవ్వుతూ. దివాను మీద పూల దుప్పటి పరిచి ఉంది. పరుపు మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉంది. మూలన చుట్టిన చాప ఒకటి గోడకి నిలబెట్టి ఉంది.

చిన్న తమ్ముడు అలవాటుగా వెళ్ళి దివాను మీద కూలబడ్డాడు. ‘టంగ్’ మంది.

“ఒరేయ్, అక్కడొద్దు!” అక్క చేతిలో టీ గ్లాసులు ఘల్లుమన్నాయి. “లే, లేచి కుర్చీలో కూర్చో. స్ప్రింగులు పోయాయి.”

వాడు లేవగానే ‘టుంగ్’ మని మళ్ళీ మోగింది.

“ఊరందరికీ సీట్లు కుట్టేదానివి, నీ ఇంట్లో స్ప్రింగులు పోవడమేంటే అక్కా? ఎవరన్నా వింటే నీ కొట్టుకి తాళం పడుతుంది.”

“ఆ నాలుగు స్ప్రింగులూ నీ బరువుకే పోయాయి. వెళ్ళి అటు కూర్చో.”

అన్నదమ్ములిద్దరూ నవ్వారు. అయస్కాంతం గారు నవ్వలేదు. పలచటి అల్యూమినియం రేకు లోపలికి నొక్కితే ఒక చప్పుడు చేస్తుంది, వదిలితే ఇంకో చప్పుడు చేస్తుంది. ఆ రెండు చప్పుళ్ళూ ఆయన నిద్రలో విన్నా గుర్తుపడతాడు. దివాను వైపు చూశాడు. పరుపు ఉబ్బు బానెట్టు వంపులాగే ఉంది. దుప్పటి అంచుల్ని నాలుగువైపులా ఎంత బిగించి దోపారంటే, గాలికి కూడా లేవదు. తలెత్తి చూస్తే అక్క ఆయన్నే చూస్తోంది.

“ఇంకొక్కసారి షెడ్డులోకి వెళ్ళాలి” అన్నాడు ఆయన, టీ సగంలో వదిలేసి. “తాళం మీ దగ్గరేగా ఉంది, రండమ్మా.”

షెడ్డులో ఆయన బానెట్టు ఎత్తి చేయి వదిలాడు. అది దిగింది.

“స్ప్రింగులు పాతబడిపోయాయండి” అంది అక్క.

“ఈ ఇంట్లో అన్ని స్ప్రింగులూ పోయాయా? ఇవి శుభ్రంగా ఉన్నాయమ్మా. మారింది స్ప్రింగులు కాదు, బరువు.”

అక్క బండి తలుపు మీద చేయి వేసి నిలబడింది. ఏడవలేదు. కోపంగానే మాట్లాడింది.

“తుక్కు కొట్టులో మామూలు బండిది దొరికింది. నేనే రుద్దాను, నేనే రంగేశాను. మా వాళ్ళకి కనిపెట్టే తెలివి ఎక్కడేడ్చింది? వాళ్ళకి బానెట్టూ, డబ్బా మూతా ఒకటే. నాన్నకి చివర్లో చేతులు వణికేవండీ. ఆయన పక్కన కూర్చుని చెప్పేవాడు, నేను విప్పేదాన్ని, నేను బిగించేదాన్ని. ఒక్క మర మార్చాలన్నా పాతదే వెతికి తెచ్చేదాన్ని. వర్షం పడితే ఇల్లు కారినా చూసుకోలేదు, ముందు షెడ్డుకి పరిగెత్తేదాన్ని. అలా చూసుకున్నాను కాబట్టే ఇప్పుడు దీనికి ఇంత విలువ ఉంది, విలువుంది కాబట్టి అమ్మేయాలి. పట్టించుకోకుండా తుప్పుపట్టనిచ్చి ఉంటే ఈపాటికి నాదయ్యేది. ఇదెక్కడి న్యాయమండీ?”

అసలు ఆయన వృత్తిలో ఆ ప్రశ్నే ఉండదు.

“మీరు చెప్పేస్తారు కదూ?” అంది.

“నాకు ఎదురుగా కనబడిందే నేను చెబుతాను” అన్నాడు.

అది ఆయన రోజూ అనే మాటే. కానీ ఇంట్లోకి నడిచే ఆ నాలుగడుగుల్లో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎదురుగా కనబడింది ఇనుప బానెట్టు. పరుపు కింద ఉన్నది ఎదురుగా కనబడలేదు, చెవికి వినబడింది. ఇతరుల విషయంలో తూకం తప్పని మనిషి తన విషయంలో ఎంత సులువుగా తప్పుతాడో అప్పుడు ఆయనకే తెలిసింది. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే గదిలోకి వెళ్ళి, కుర్చీలో కూర్చోకుండా చెప్పేశాడు.

“నేను చూసిన బానెట్టు ఇనుపది. ఆ బానెట్టుతో ఇది మామూలు బండే.”

‘నేను చూసిన’ అన్నది మనస్సాక్షి కోసం పెట్టిన చిన్న కిటికీ. అందులోంచి ఎవరూ తొంగిచూడలేదు.

పెద్ద తమ్ముడు కాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. కొట్టు నడవడం లేదన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. బండి అసలుదైతే గట్టెక్కుతానని ఎంత ఆశపడ్డాడో, పాపం, మొహంలో దాచుకోలేకపోయాడు. కానీ మాటకి నిలబడ్డాడు.

“సరే అక్కా. అనుకున్నట్టే బండి నీది. ఇంక దీని గురించి ఎవరం ఏమీ అనుకోవద్దు.”

“హమ్మయ్య” అన్నాడు చిన్న తమ్ముడు. “ఇన్నాళ్ళకి ఒక పీడ వదిలింది. అక్కా, మొదటి రౌండు నన్నే తిప్పాలి.”

“ముందు ఆ సీట్లో పడతావేమో చూసుకో” అంది అక్క. నవ్వబోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తమ్ముళ్ళు అది సంతోషమనుకున్నారు. సంతోషమే, కాదనడానికి లేదు. కానీ పెద్ద తమ్ముడి మొహం చూస్తుంటే అది గొంతు దిగడం లేదు.

వాడు లేచి నిలబడి గోడవైపు చూశాడు. “బండి నువ్వు ఉంచుకో. నాన్న ఫొటో మాత్రం నేను పట్టుకెళ్తాను. కొట్టులో పెట్టుకుంటాను” అంటూ ఫొటో కోసం దివాను దగ్గరికి నడిచాడు.

“ఆగరా, కుర్చీ వేస్తాను” అంది అక్క.

“కుర్చీ ఎందుకే?” అని వాడు బూటు కాలు ఎత్తి దివాను మీద వేశాడు. పరుపు కిందనుంచి గట్టిగా చప్పుడైంది. ఇందాకటి చప్పుడు కాదు, రేకు మడత పడబోయే ముందు మూలిగే చప్పుడు. వాడికి అది దివాను కిర్రుమన్నట్టే ఉంది. రెండో కాలు నేలమీంచి లేచింది. ఆ బరువంతా ఒక్క మడమ మీదికి వస్తోంది.

అయస్కాంతం గారు నోరు తెరిచాడు. ఇప్పుడు ఏం మాట్లాడినా అక్క బండి పోతుంది. మాట్లాడకపోతే బానెట్టు పోతుంది. అల్యూమినియం ఒకసారి మడత పడితే మళ్ళీ మునుపటిలా కాదు. ఆయన అక్కవైపు చూశాడు. ఒక్క క్షణం ఓర్చుకుంటే చాలు, బండి ఆవిడది.

“దిగరా!” అక్క గావుకేక పెట్టింది. “దిగు, దిగు! నలుగుతుందిరా అది!”

ఒక్క అంగలో వెళ్ళి తమ్ముణ్ణి నడుము పట్టి వెనక్కి లాగింది. ఇద్దరూ కుట్టుమిషను మీద పడబోయి తమాయించుకున్నారు. తర్వాత ఇంకెవరూ ఏమీ అడక్కముందే తనే వంగి, దుప్పటి దోపుళ్ళు ఊడలాగి, పరుపు ఎత్తి పక్కన పడేసింది. ఎర్రటి బానెట్టు, కింద మెత్తగా బొంత వేసి, చంటిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి ఉంది. అక్క మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో అంగుళం అంగుళం తడిమింది. సొట్ట లేదు.

“ఏం కాలేదు” అంది, ఎవరితోనో. “ఏం కాలేదులే.”

పెద్ద తమ్ముడికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక వాడు అక్కవైపు కాక, అయస్కాంతం గారివైపు తిరిగాడు.

“మీకు తెలుసా సార్?”

“తెలుసు” అన్నాడు ఆయన. “నేను చెప్పింది తప్పు.” జీవితంలో ఈ మాట అనడం ఆయనకి కొత్త. భార్య అక్కడ ఉండి ఉంటే పండగ చేసుకునేది. ఆయన వంగి బానెట్టు లోపలి అంచు చూశాడు. బండి నంబరు వంకరటింకరగా, ఎవరో పనివాడు తొందరలో పొడిచినట్టు పొడిచి ఉంది. అయస్కాంతం ఆనించాడు. జారిపోయింది. “బండి అసలుదే.”

చిన్న తమ్ముడు మాత్రం బానెట్టు వైపు చూడటం లేదు. దివానుని చూశాడు, పరుపుని చూశాడు, మూలన నిలబెట్టిన చాపని చూశాడు. ఈ ఇంట్లో ఇంకో మంచం లేదు.

“అక్కా, మరి ఇన్నాళ్ళూ నువ్వెక్కడ పడుకుంటున్నావే?”

“కింద.”

“నీ నడుం నొప్పితోనా?”

“అది నా బరువుకి ఆగదురా” అంది అక్క.

వాడికి ఇంక జోకులు రాలేదు. “అన్నయ్యా, పోనీ మనం…” అని మొదలుపెట్టాడు. పెద్దవాడు తల దించుకున్నాడు. అక్క వాడివంక చూసింది. చూసి, మోకాళ్ళు పట్టుకుని లేచింది.

“పోనీ లేదు, ఏమీ లేదు. మాటంటే మాటే. వీడి కొట్టు సంగతి నాకు మాత్రం తెలియదా? బుద్ధి గడ్డితిని చేశాను. అమ్మేయండి.” వంగి బొంత అంచు సర్దింది. “బానెట్టు మాత్రం నేనే బిగిస్తాను. మీరెవరూ చెయ్యి పెట్టకండి.”

ఆ సాయంత్రమే బిగించింది. ఎత్తి చేయి వదిలితే బానెట్టు నిలబడింది. మూస్తే రెండువైపులా సందు సమానంగా వచ్చింది. అయస్కాంతం గారు అదంతా ఉండి చూసి వెళ్ళిపోయాడు.

కొన్ని వారాల తర్వాత ఒక పెద్ద హాల్లో, బోలెడన్ని దీపాల కింద, బండిని వేలం వేశారు. అయస్కాంతం గారు అక్కడ ఉండాలి, ఉద్యోగం అలాంటిది. పాడుకున్నవాడు మంచి సూటు వేసుకున్న మనిషి, కార్ల పిచ్చివాడే, ఆనందంతో ఒకచోట నిలవలేకపోతున్నాడు. బానెట్టు ఎత్తి ఇంజను చూశాడు, మురిసిపోయాడు, ఆయన్ని పిలిచాడు.

“ఈ బానెట్టు ఈ బండిదేనని అంత గట్టిగా ఎలా చెబుతున్నారండీ? నంబరు ఎవడైనా పొడవొచ్చుగా?”

“నా ఎదురుగానే తేలింది” అన్నాడు ఆయన.

“ఎలా తేలింది?”

ఆయన చెప్పేలోపే ఆ మనిషి హుషారుగా బానెట్టు మీద రెండు అరచేతులూ వేసి నొక్కబోయాడు.

“మెల్లగా!”

హాలు వెనకనుంచి వచ్చింది ఆ కేక. అందరూ తిరిగి చూశారు. అయస్కాంతం గారు తిరగలేదు. ఆయనకి ఆ గొంతు తెలుసు. సూటు మనిషి ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

“ఎవరండీ ఆవిడ?”

“ఓనరు” అన్నాడు ఆయన, అలవాటు ప్రకారం, ఎదురుగా కనబడింది చెప్పేవాడిలా.

బండి కొన్నవాడు అది వేళాకోళమేమోనని నవ్వబోయి, ఆయన మొహం చూసి మానేశాడు. బానెట్టుని మళ్ళీ పైకెత్తాడు. ఈసారి అంచు పట్టుకుని, నెమ్మదిగా దించి మూశాడు.